చీటీలో లేని పాట

కచేరీకి వెళ్లేది తెలిసిన పాట మళ్లీ వినడానికా... తెలియని పాట తెలుసుకోవడానికా? వేల పాటలు పాడిన పెద్ద గాయకులు ఎక్కిన ప్రతి వేదిక మీదా అవే పాతిక పాటలు పాడాలా? పాడేవాళ్లనీ వినేవాళ్లనీ ఒకేసారి ఇరకాటంలో పెట్టే ప్రశ్న ఇది. దీనికి మన కచేరీ పెద్దలు ఎప్పుడో ఓ దారి చూపించారు.

ఆరాంఘర్ చౌరస్తా దాటి శంషాబాద్ వైపు వెళుతుంటే గగన్‌పహాడ్ తగులుతుంది. పగలు చూస్తే కర్మాగారాలూ గోదాములూ, బెంగళూరు రహదారి మీద బారులు తీరిన లారీలూ. పెళ్లిళ్ల సీజన్లో రాత్రిపూట చూస్తే అదే దారి మరోలా ఉంటుంది. శంషాబాద్ దాకా ఫంక్షన్‌హాళ్లు దీపాల తోరణాలతో వెలిగిపోతుంటాయి. లోపల రిసెప్షన్. ఓ పక్క భోజనాల బల్లలు, మరో పక్క చిన్న వేదిక మీద ఆర్కెస్ట్రా.

అలాంటి ఏ వేదిక దగ్గర ఓ అరగంట నిలబడినా ఒక దృశ్యం తప్పకుండా కనిపిస్తుంది. పెళ్లికొడుకు బాబాయి కొడుకో, పెళ్లికూతురి మేనత్తో ముందుకొచ్చి గాయకుడి చేతిలో ఓ చీటీ పెడతారు. ఆయన విప్పి చూస్తాడు, నవ్వుతాడు. పాడబోతున్న పాటే అది! నిన్న రాత్రి మరో పెళ్లిలో పాడిందీ అదే, రేపు పాడబోయేదీ అదే. ఎప్పుడో ఓసారి మాత్రం వెనక వరుసలోంచి ఓ పెద్దాయన పంపిన చీటీ వస్తుంది. అందులో ఎవరూ అడగని పాట ఉంటుంది. గాయకుడు కీబోర్డు అతనివైపు చూస్తాడు. అతను తల అడ్డంగా ఊపుతాడు. చీటీ మడతపడి జేబులోకి వెళ్లిపోతుంది. పెద్దాయన కాసేపు ఎదురుచూసి భోజనానికి లేస్తాడు.

ఇంకొన్ని కిలోమీటర్లు ముందుకెళితే విమానాశ్రయం. ఆ దారిలోనే ఉన్న జీఎంఆర్ అరీనాలో 2024 నవంబరు 15న పంజాబీ గాయకుడు దిల్జీత్ దోసాంజ్ కచేరీ జరిగింది. మద్యాన్ని పొగిడే పాటలు పాడొద్దంటూ తెలంగాణ అధికారులు ముందుగానే నోటీసు ఇచ్చారు. ఆయనేం చేశారు? ఆ పాటల్ని పక్కన పెట్టలేదు. మందు ఉన్నచోట మాట మార్చి పాడారు. పాట మానడం కన్నా మాట మార్చడమే తేలిక అనుకున్నారన్నమాట. హిట్‌కున్న బలం అదీ!

పెళ్లి పందిట్లో ఆర్కెస్ట్రాకి ఈ తంటా సహజమే. వాళ్లు పాడేది ఇతరుల పాటలు. కానీ జీవితమంతా పాటకే ఇచ్చి, వేల పాటలు పాడి, డెబ్భై ఏళ్లు దాటాక కూడా వేదికెక్కే పెద్దల సంగతో?

పాతికలో పదిహేడు వేలు!

ఓ చిన్న లెక్క చూద్దాం. గాయని పి.సుశీల పేరు 2016లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. 1960ల నుంచి ఆరుకు పైగా భారతీయ భాషల్లో ఆమె పాడినవి 17,695 పాటలని అప్పుడు లెక్కతేల్చారు. మూడుగంటల కచేరీలో చప్పట్లూ సన్మానాలూ మాటలూ పోను ఎన్ని పాటలు పడతాయి? మహా అయితే పాతిక. ఒక్కసారి పాడింది మళ్లీ పాడకుండా ఆ పాటలన్నీ వినిపించాలంటే 708 కచేరీలు కావాలి. వారానికి రెండు చొప్పున చేసినా దాదాపు ఏడేళ్లు పడుతుంది.

జరిగేది అది కాదు కదా. అన్ని కచేరీల్లోనూ ఇంచుమించు అవే పాతిక తిరుగుతుంటాయి. మిగిలిన వేల పాటలకి వేదిక మీద చోటుండదు. వాటిలో గొప్పవి లేవా? బోలెడు. సినిమా రెండో వారానికే థియేటర్ల నుంచి వెళ్లిపోయినందుకు మరుగున పడ్డవి కొన్ని. అదే సినిమాలో ఇంకో పాట మోత మోగిపోవడంతో నీడలో ఉండిపోయినవి కొన్ని. రాసినవారూ స్వరపరిచినవారూ ప్రాణం పెట్టి చేసినా చీటీలో చోటు దక్కనివి ఇంకొన్ని. ‘పాత ఒక రోత, కొత్త ఒక వింత’ అంటారు పెద్దలు. కచేరీలో మాత్రం సామెత తిరగబడుతుంది. అక్కడ తెలిసిన పాతే వింత, తెలియనిదల్లా రోత!

తప్పు శ్రోతదేనా?

శ్రోతని తప్పుపట్టడం తేలికే. ఆయన వైపు నుంచీ ఆలోచించాలి. ఓ మధ్యతరగతి కుటుంబం కచేరీకి వెళ్లాలంటే నలుగురికి టిక్కెట్లు కొనాలి. పిల్లల పరీక్షలు చూసుకోవాలి. ఊరికి ఆ చివర నుంచి ఈ చివరకి రావాలి. అర్ధరాత్రి తిరిగి ఇల్లు చేరాలి. ఇంతా చేసి, ఏ పాట కోసమైతే వచ్చారో అది వినకుండానే వెళ్లాల్సివస్తే? ముప్ఫై ఏళ్లుగా రేడియోలోనూ క్యాసెట్లోనూ విన్న గొంతుని ఒక్కసారి ఎదురుగా చూడాలనే కోరిక చిన్నదేం కాదు. గాయకుడికి అది వెయ్యోసారి కావచ్చు, ఆమెకి అదే మొదటిసారి. బహుశా చివరిసారి కూడా.

దీని వెనక మనసు చేసే గారడీ కూడా ఉంది. పదేళ్ల వయసు నుంచి ముప్ఫై ఏళ్లలోపు జరిగిన సంగతులు పెద్దయ్యాక మనకి మిగతావాటికన్నా ఎక్కువగా గుర్తుంటాయి. మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని ‘రెమినిసెన్స్ బంప్’ అంటారు. కాలేజీ రోజుల్లో విన్న పాట అరవయ్యేళ్లకీ చెవిలో మోగడానికి కారణం అదే. ఆ పాటతో పాటు హాస్టలు గదీ, సైకిలు ప్రయాణమూ, అమ్మ గొంతూ అన్నీ తిరిగొస్తాయి. ఇంకో సంగతి... ఒకదాన్ని మళ్లీమళ్లీ చూసినా విన్నా దానిమీద ఇష్టం పెరుగుతుందని రాబర్ట్ జయాంక్ అనే శాస్త్రవేత్త 1968లోనే ప్రయోగాలతో చూపించారు. అంటే హిట్ పాట విన్నకొద్దీ ఇంకా హిట్టవుతుంది. వినని పాట వినకపోవడం వల్లే వెనకబడిపోతుంది.

కాబట్టి ‘ఆ పాటే పాడండి’ అనడంలో నేరం లేదు. అయితే ఆ కోరిక ఒక్కటే రాజ్యమేలితే ఏమవుతుందో తెలుసుకోవాలంటే దూరం వెళ్లక్కర్లేదు. మన పద్యనాటకాన్ని అడిగితే చాలు.

వన్స్‌మోర్ చేసిన పని

తిరుపతి వేంకట కవులు పాండవుల కథని ఆరు నాటకాలుగా రాశారు. జననం నుంచి అశ్వమేధం దాకా. వాటిలో తెలుగువారి నాలుక మీద నిలిచినవి ఎన్ని? రెండంటే రెండు... ఉద్యోగం, విజయం. వాటిలోనూ జనం ఎగబడింది శ్రీకృష్ణ రాయబారం పద్యాలకే. బందా కనకలింగేశ్వరరావు, ఈలపాట రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు... ఒక్కొక్కరిదీ ఒక్కో బాణీ. పద్యం ఎత్తుకుంటే చాలు, పందిరంతా ‘వన్స్‌మోర్’ కేకలు! నటుడు మళ్లీ అందుకునేవాడు, ఇంకాస్త సాగదీసి రాగం తీసేవాడు. కాంట్రాక్టు నాటకాల రోజుల్లో ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణుల్ని దించేవారు. ఎవరి పద్యానికి ఎన్ని చప్పట్లో అన్నదే పందెం.

ఆ పద్యాలు చదువురాని ఇళ్లలోకీ వెళ్లాయి. పొలం గట్ల మీద మోగాయి. అది వన్స్‌మోర్ చేసిన మేలు. మరి నష్టం? కథ ఆగిపోయింది. మాటలు కుదించుకుపోయాయి. చప్పట్లు రాని సన్నివేశాలు రాలిపోయాయి. చాలాచోట్ల నాటకం పోయి రాయబారం సీను మాత్రమే మిగిలింది. మిగతా నాలుగు నాటకాలను వేసేవారే కరవయ్యారు. జనం ప్రేమతో అడిగిందే వేస్తూ పోతే చివరికి అదొక్కటే మిగులుతుంది. ఎవరూ కక్షగట్టి చంపింది కాదు... ముద్దుచేసి మూలన పెట్టింది!

హిట్లు తీసేస్తే..?

‘హిట్లు పాడకపోతే జనం లేచిపోతారు’ అన్నది నిర్వాహకుల భయం. అనుకోకుండా ఆ భయానికి ఓ పరీక్ష జరిగింది. అదీ మన బాలు కచేరీల్లోనే.

ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం 1966 డిసెంబరు 15న కోదండపాణి సంగీతంలో ‘శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న’ కోసం తొలి సినిమా పాట పాడారు. యాభై ఏళ్లయిన సందర్భంగా ‘ఎస్పీబీ 50’ పేరుతో దేశదేశాలు తిరిగారు. 2017 మార్చిలో అమెరికాలో ఉండగా ఇళయరాజా తరఫున లాయరు నోటీసు వచ్చింది... అనుమతి లేకుండా తన పాటలు వేదికల మీద పాడకూడదని. బాలు, చిత్ర, చరణ్ ముగ్గురికీ! బాలు కచేరీలో ఇళయరాజా పాటలు లేకపోవడమంటే పప్పులో ఉప్పు లేనట్టే.

బాలు గొడవకి దిగలేదు. ఆ పాటలు ఇకమీదట పాడనని అభిమానులకి చెప్పారు. దేవుడి దయవల్ల ఇతర సంగీత దర్శకులకీ చాలా పాడాననీ, వాటితో కచేరీలు కొనసాగుతాయనీ అన్నారు. ఇళయరాజా మీద ఎవరూ పరుషంగా మాట్లాడొద్దని కోరారు. పర్యటన ఆగలేదు.

పాటల మీద హక్కు ఎవరిదన్నది వేరే చర్చ. ఇక్కడ చూడాల్సింది ఒక్కటే. ఒక్క నోటీసుతో సగం హిట్లు చేజారినా నిలబడగలిగారంటే కారణం ఆయన వెనకున్న ఖజానా. మహదేవన్, చక్రవర్తి, సత్యం, రమేష్‌నాయుడు, రాజన్-నాగేంద్ర, కీరవాణి... ఎంతమంది, ఎన్ని పాటలు! పాతిక పాటలనే నమ్ముకున్న గాయకుడైతే ఆ రోజే పెట్టె సర్దుకునేవాడు.

కథ సుఖాంతమైంది. 2019 జూన్ 2న చెన్నైలో ఇళయరాజా కచేరీలో బాలు మళ్లీ ఆయన పాటలు పాడారు. పదిహేను నెలలు తిరిగేసరికి... 2020 సెప్టెంబరు 25న ఆ గొంతు మూగబోయింది. ఆయన నోట ఇంకోసారి విందామనుకున్న పాటలు ఎన్ని ఇళ్లల్లో అలాగే ఉండిపోయాయో! పెద్దల కచేరీకి వెళ్లినప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఇదే. ఆ సాయంత్రాలు లెక్కబెట్టినన్నే ఉంటాయి.

ప్రపంచమంతా అదే పేచీ

ఈ తగవు మనకే పరిమితం కాదు. 1971 అక్టోబరులో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పాతతరం రాక్ గాయకుల కచేరీ ఒకటి జరిగింది. చిన్నతనం నుంచీ టీవీలో కనిపించి, కుర్రాడిగా ఉన్నప్పుడే హిట్ల మీద హిట్లు ఇచ్చిన రికీ నెల్సన్ అందులో జుట్టు పెంచుకుని, కొత్త పాటలతో వేదికెక్కాడు. పాత రికీ కోసం వచ్చిన జనంలోంచి కేకలు వినిపించాయి. అతను నొచ్చుకుని వెళ్లిపోయాడు. ఆ అవమానాన్నే పాటగా కట్టి 1972లో ‘గార్డెన్ పార్టీ’ పేరుతో విడుదల చేశాడు. తమాషా ఏమిటంటే అదే పెద్ద హిట్టయింది. ఇక దాన్ని పాడమని జనం అడగడం మొదలెట్టారు!

నోబెల్ అందుకున్న బాబ్ డిలాన్‌ది మరో దారి. పాత పాటల్ని గుర్తుపట్టలేనంతగా బాణీ మార్చి పాడతాడు. 2020లో వచ్చిన ఆల్బమ్ తర్వాత చేసిన పర్యటనలోనూ ఆ కొత్త పాటలకే పెద్దపీట వేశాడు. ఇష్టమున్నవాళ్లు వచ్చారు, లేనివాళ్లు గొణుక్కున్నారు. అందరికీ చెల్లే పద్ధతి కాదది.

2017 జులైలో లండన్ వెంబ్లీలో ఏఆర్ రెహమాన్ కచేరీ పేరే తమిళంలో ఉంది. అయినా తమిళ పాటలు ఎక్కువయ్యాయంటూ కొందరు హిందీ శ్రోతలు మధ్యలోనే లేచిపోయారు, డబ్బు వెనక్కిమ్మన్నారు. అక్కడ తమిళులకి హిట్టయిన పాటే హిందీవారికి తెలియని పాట. అంటే హిట్ అనేది పాటలో ఉండేది కాదు... వినేవాడి జ్ఞాపకంలో ఉండేది.

అందరికన్నా సరదా పద్ధతి బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్‌ది. ఆయన కచేరీలకి అభిమానులు అట్టముక్కల మీద పాటల పేర్లు రాసి తెస్తారు. ఆయన వాటిని ఏరి, నచ్చింది ఎత్తుకుంటాడు. బ్యాండుకే గుర్తులేని పాట అడిగి వాళ్లని తికమక పెట్టడం అక్కడి అభిమానులకి గర్వకారణం. చూశారా... అదే చీటీ. కాకపోతే అక్కడ అరుదైన పాట అడిగినవాడే హీరో!

చివర్లో తుకడా

అలాంటి ఏర్పాటు మన దగ్గర మాత్రం లేదా? ఉంది. కర్ణాటక సంగీత కచేరీకి ఇవాళ మనం చూస్తున్న రూపాన్ని స్థిరపరిచిన ఘనత అరియకుడి రామానుజ అయ్యంగార్‌ది (1890-1967). మొదట వర్ణం. గొంతూ శ్రుతీ కుదురుతాయి, శ్రోత సర్దుకుంటాడు. తర్వాత చిన్న కృతులు. ఆపైన విస్తారమైన ప్రధాన కృతి, మృదంగం వారి తని ఆవర్తనం. వీలుంటే రాగం తానం పల్లవి. ఇవన్నీ అయ్యాక పదాలు, జావళీలు, కీర్తనలు, తిల్లానా... అంటే తుకడాలు. చివరగా మంగళం.

శ్రోతలు పంపిన చీటీలకి చోటు ఎక్కువగా ఆ తుకడాల దగ్గరే. విద్వాంసుడు ముందు తాను చెప్పదలచుకున్నది చెబుతాడు. అరుదైన రాగం అందుకున్నా, ఎవరూ పాడని కృతి తీసినా శ్రోత ఓపికపడతాడు. తన పాట చివర్లో వస్తుందని తెలుసు కదా! ఆ నమ్మకమే కచేరీని నిలబెడుతుంది. ఇంటికెళ్లేటప్పుడు అడిగిన పాట చెవిలో ఉంటుంది. అడగని పాట మనసులో ఎక్కడో పడి ఉంటుంది.

మంగళంపల్లి బాలమురళీకృష్ణ జీవితమే దీనికి నిదర్శనం. చిన్న వయసులోనే విజయవాడలో తొలి కచేరీ చేసిన ఆయన 72 మేళకర్త రాగాల్లోనూ కృతులు రచించారు. మహతి, లవంగి లాంటి కొత్త రాగాలు సృష్టించారు. సంప్రదాయవాదులు విమర్శించినా ఆగలేదు. అదే మనిషి రామదాసు కీర్తనల్ని తత్వాల్ని ఇంటింటికీ చేర్చారు. జనానికి కావలసిందీ ఇచ్చారు, తాను ఇవ్వదలచుకున్నదీ ఇచ్చారు. ఒకదానికోసం రెండోదాన్ని వదులుకోలేదు.

సినిమా పాటకీ ఈ పద్ధతి కుదరదా? కుదురుతుందని బాలు బుల్లితెర మీద చూపించారు. 1996లో ఈటీవీలో మొదలైన ‘పాడుతా తీయగా’లో పిల్లల చేత పాడించేటప్పుడు పాట రాసిందెవరో, స్వరపరిచిందెవరో, ఏ సందర్భంలోనో చెప్పేవారు. ఆ రెండు నిమిషాల మాటతో ఎప్పుడూ వినని పాట కూడా మనదైపోయేది. తెలియని పాటకీ శ్రోతకీ మధ్య కావలసింది అంతే... ఓ చిన్న పరిచయం. ఏమీ చెప్పకుండా విసిరేస్తే పరాయి పాట, చెయ్యిపట్టి తీసుకొస్తే ఇంటికొచ్చిన చుట్టం.

ఇంకో కారణం కూడా ఉంది. వయసుతో గొంతు మారుతుంది. పాతికేళ్లప్పుడు అందుకున్న తారస్థాయి డెబ్భై ఏళ్లకి అందదు. శ్రుతి తగ్గించి పాడాల్సివస్తుంది. హిట్ పాట విషయంలో శ్రోత చెవిలో పాత రికార్డు తిరుగుతూనే ఉంటుంది, పోలిక తప్పదు. అంతగా తెలియని పాటకి ఆ బెడద లేదు. ఇప్పటి గొంతుకి సరిపడే పాటని ఏరుకుంటే అనుభవం పండిన గాయకుడు కనిపిస్తాడు, అలసిన గాయకుడు కాదు. కుర్రతనంలో లేనిదేదో ఆ పాటలో పలుకుతుంది. పెద్దల కచేరీకి వెళ్లేది దానికోసం కూడా కదా!

ఇక కొత్తదేదైనా చేయాలన్న తపనకి వయసు అడ్డంకాదు. ఇళయరాజా తన పాశ్చాత్య సింఫనీ ‘వాలియంట్’ని 2025 మార్చి 8న లండన్‌లో వినిపించారు. అప్పటికి ఆయన వయసు 81. పాత హిట్లే పాడుకుంటూ కూర్చున్నా కాదనేవారెవరు?

రెండు పాటల చీటీ

అయితే తీర్పు ఏమిటి? హిట్లా, మరుగున పడ్డ పాటలా? హిట్ పాడాల్సిందే. అది శ్రోత బాకీ. దాన్ని ఎగ్గొట్టడం పెద్దరికం కాదు. కానీ ప్రతి కచేరీలో నాలుగైదు పాటలైనా ఎవరూ అడగనివి పాడాలి. అది గాయకుడు తన పాటకి ఉన్న బాకీ. అవి పాడగలిగేది ఆయనే. ఆయన నోట రానిది రేపు ఏ ఆర్కెస్ట్రా నేర్చుకుంటుంది, ఏ పిల్ల పోటీలో పాడుతుంది?

నిర్వాహకులూ ఓ పని చేయొచ్చు. ప్రకటనలో ‘సూపర్‌హిట్ పాటల విభావరి’ అని వేసి ఊరుకోకుండా ‘అరుదైన పాటలు కొన్ని’ అని మరో ముక్క చేరిస్తే శ్రోత సిద్ధపడి వస్తాడు. దాపరికం లేని చోట గొణుగుడు ఉండదు.

మిగిలింది మనం. వివిధభారతిలో కోరిన పాటల కోసం పోస్టుకార్డులు రాసిన ఇళ్లు మనవి. పాట పేరు కింద ఇంటిల్లిపాది పేర్లూ రాసి, రేడియో దగ్గర చెవి పెట్టుకుని కూర్చున్నవాళ్లం. అడగడం మనకి కొత్త కాదు. ఈసారి కచేరీకి వెళ్లినప్పుడు చీటీ మీద ఒక పాట కాదు, రెండు రాయండి. ఒకటి అందరూ అడిగేది. రెండోది మీరు తప్ప ఇంకెవరూ అడగనిది... నాన్న స్నానం చేస్తూ పాడుకునేదో, అమ్మ వంటింట్లో కూనిరాగం తీసేదో, ఆడని సినిమాలో మీకొక్కరికే నచ్చిందో.

గగన్‌పహాడ్ దారిలో ఏదో ఓ ఫంక్షన్‌హాల్లో ఈ రాత్రి కూడా వెనక వరుసలో ఓ పెద్దాయన చీటీ రాస్తూనే ఉంటాడు. కీబోర్డు అతనికి ఆ పాట వచ్చి ఉండాలంటే, ముందు ఆ పాటని పెద్ద వేదిక మీద ఎవరో ఒకరు పాడి ఉండాలి. అక్కడ పాడాలంటే, ముందు ఎవరో ఒకరు అడిగి ఉండాలి.